గుంపు మాటకు అర్థనిర్ణేత ఎవరు? – క్రీడామైదానాలలో జాతిదూషణ: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఆర్థీవ్యంజనకు హేతువులను చెబుతూ మమ్మటుడు కావ్యప్రకాశంలో వక్తను, బోద్ధవ్యుణ్ణి, కాకువును మొదట పేర్కొన్నాడు. పలికినదెవరు, ఎవరితో పలికారు, ఏ స్వరంతో పలికారు అన్నవి తెలియనిదే వ్యంగ్యార్థం తేలదు. ప్రేక్షకుల దూషణలకు ఈ సూత్రాన్ని అన్వయిస్తే ఒక మార్పు స్పష్టమవుతుంది. అర్థాన్ని నిర్ణయించే అధికారం క్రమంగా వక్త నుంచి బోద్ధవ్యుడికి సంక్రమిస్తున్నది.

2. జకార్తా నుంచి సిడ్నీకి

1962 సెప్టెంబర్ 4న జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్‌లో, హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణ ఇచ్చిన భారతజట్టును ప్రేక్షకులు తీవ్రంగా గేలిచేశారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండొనేషియా ఆ క్రీడలకు దూరంగా ఉంచడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధి ఆక్షేపించడమే అందుకు కారణం. గుంపు అరుపులను సహించడమే నాటి రీతి. దక్షిణ కొరియాపై 2-1 విజయమే జట్టు ఇచ్చిన సమాధానం.

2021 జనవరి 10న సిడ్నీ టెస్టులో హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్ అలా సహించి ఊరుకోలేదు. ఫిర్యాదు అంపైర్లకు చేరింది, ఆట ఆగింది, ఆరుగురు ప్రేక్షకులను బయటికి పంపారు. భారత ఆటగాళ్లపై జాతిదూషణ జరిగిందని క్రికెట్ ఆస్ట్రేలియా తన విచారణలో నిర్ధారించింది. అయితే ఆ ఆరుగురు దోషులు కారని తేల్చింది. ఇక్కడ దూషణ నిజం, వక్త అజ్ఞాతం. గుంపులో వక్త దొరకనప్పుడు విన్నవాడి అనుభవమే ప్రమాణంగా మిగులుతుంది. 2024లో ఫిఫా ప్రవేశపెట్టిన సంజ్ఞ ఈ ప్రమాణాన్నే నియమంగా మార్చింది. ఆటగాడు మణికట్ల వద్ద చేతులను అడ్డంగా ఉంచి రిఫరీకి తెలిపితే, ఆటను ఆపడం, కొంతసేపు నిలిపివేయడం, చివరకు రద్దుచేయడం అనే మూడంచెల ప్రక్రియ మొదలవుతుంది.

3. ‘ప్రేమతో’ అన్న సమర్థన

సిడ్నీ గుంపును తప్పుపట్టడం సులభం. హైదరాబాదు పేరు ధరించిన జట్టులోనే ఇటువంటి ప్రశ్న తలెత్తింది. సన్‌రైజర్స్‌కు ఆడిన రోజుల్లో తననూ తిసార పెరీరానూ ‘కాలూ’ అని పిలిచేవారని, అది బలవంతుడనే అర్థమిచ్చే మాట అనుకున్నానని వెస్టిండీస్ ఆటగాడు డారెన్ సామీ 2020 జూన్‌లో వెల్లడించాడు. అది ప్రేమతో అన్నదేనని ఒక సహచరుడు చెప్పగా నమ్మానని తర్వాత తెలిపాడు. ఇక్కడ గుంపు లేదు, వక్త అజ్ఞాతుడు కాడు. అయినా వక్త హృదయం ఒక్కటే అర్థాన్ని తేల్చలేదు.

ఈ సమర్థన తెలుగువారికి కొత్తది కాదు. కొవ్వూరు వంటి గోదావరి తీరపు ఊళ్లలో ‘నల్లోడా’ అన్నది చనువు పిలుపుగానూ వినిపిస్తుంది. కృష్ణుణ్ణి ‘నల్లనయ్య’ అనడం భక్తి. కాని చనువుకు ఇరువైపులా ఎరుక ఉండాలి. సామీకి ఆ మాట అర్థమే తెలియదు. బోద్ధవ్యుడికి బోధపడని ప్రేమ సమర్థనగా నిలవదు.

4. ఉపసంహారం

విన్నవాడే ప్రమాణమైతే ప్రతి గేలీ నేరమవుతుందన్న ఆక్షేపణ రావచ్చు. అందుకు జకార్తా ఉదంతమే సమాధానం. అక్కడి ఆగ్రహం ఒక చర్యపై, సిడ్నీ దూషణ పుట్టుకపై. చర్యను విమర్శించవచ్చు; మార్చుకోవడానికి వీలులేని పుట్టుకను నిందించడం విమర్శ కాజాలదు. కులనామాలు నేటికీ తిట్లుగా చెల్లుబాటవుతున్న తెలుగు వ్యవహారభాషకు కూడా ఈ గీటురాయే వర్తిస్తుంది.