మర వెంబడి ఊట

పాత ట్రాక్టరు హెడ్ బోల్టు తల చుట్టూ ఆకుపచ్చగానో తెల్లగానో పెచ్చు కట్టిందంటే కూలెంటు ఊరుతున్నట్టే. ఖాజీపేట దగ్గర మైదుకూరు రోడ్డు షెడ్లలో అది చూపిస్తే ముందు వచ్చే మాట, "ఇంకొంచెం బిగిస్తే పోతాదిలే అన్నా."

పోదు. కొన్ని ఇంజన్లలో బోల్టు రంధ్రం బ్లాకులో ఆగదు, నేరుగా వాటర్ జాకెట్‌లోకి తేలుతుంది. నీళ్లు మరలు పట్టుకుని చుట్లు తిరుగుతూ పైకొస్తాయి. బిగించినంత మాత్రాన ఆ దారి మూసుకోదు. బలవంతం చేస్తే బ్లాకులో మరలే ఊడిపోతాయి.

ఆయిలుదీ ఇదే కథ. ఫ్లైవీల్ బోల్టుల రంధ్రాలు క్రాంక్ కేసులోకి తెరుచుకునే ఇంజన్లున్నాయి. అక్కడ మరలకు సీలంటు పూయకపోతే క్లచ్ ప్లేటు తడుస్తుంది. ఆయిల్ సీలు పోయిందనుకుని గేర్‌బాక్సు దింపి కొత్తది వేస్తారు, మళ్లీ కారుతుంది.

షెల్లాక్ పూసే కాలం నుంచి ఈ సీలంటు మందులు చాలా మారాయి. అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసరు 1953లో తెచ్చిన లాక్‌టైట్ తరహా జిగురు గాలి తగిలితే ద్రవంగానే ఉంటుంది. మరల మధ్య గాలి అందక, లోహం తగిలితే గట్టిపడుతుంది. లోహానికి జిడ్డు అడ్డుంటే సరిగా పట్టదు.

అందుకే పూత నిమిషం పని, కడుగుడు గంట పని. ముందు కూలెంటును బోల్టు రంధ్రం కంటే కిందికి దించాలి, లేకుంటే తుడిచిన మర మళ్లీ తడుస్తుంది. బోల్టుకు వైర్ బ్రష్ పట్టాలి. రంధ్రంలో అదే సైజు ట్యాపును చేత్తోనే మెల్లగా తిప్పాలి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన ఇంజనైతే ట్యాపు గాడుల్లో తుప్పూ సున్నమూ కలిసి ఎర్రటి ముద్దగా వస్తాయి. చివర థిన్నరు గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వాలి. అడుగు మూసుకున్న రంధ్రంలో మాత్రం సీలంటు నింపకూడదు. బోల్టు దిగేకొద్దీ ద్రవం పోయే చోటు లేక బ్లాకు పగలగొట్టగలదు.

ఈ గంటకు కూలి ఇవ్వడానికి మనకు మనసొప్పదు. సీలంటు ట్యూబు ధర అడగకుండా ఇస్తాం, బ్రష్ పట్టిన చేతికి బేరమాడతాం. నలభై డిగ్రీలు దాటే మా కడప ఎండల్లో నీళ్లు తగ్గిన ఇంజన్ హెడ్డు వంగితే అయ్యే ఖర్చు ముందు ఆ కూలి ఎంత? మేస్త్రీ అడిగినంతా ఇవ్వండి. సీలంటు పూర్తిగా గట్టిపడేదాకా, అంటే ఒక రోజు, బండి షెడ్డులోనే ఉంచమనండి. తిరిగి పోసేటప్పుడు బోరు నీళ్ల బిందె కాకుండా కూలెంటు డబ్బా అందించండి.