‘కాదు’ అనడానికీ ఒక వరస

నాలుగో శతాబ్దంలో యునోమియస్ అనే క్రైస్తవ తార్కికుడు దేవుడి సారాన్ని ఒక్క మాటలో తేల్చేశాడు: పుట్టుక లేనివాడు. ఆ మాట దొరికితే దేవుడు దొరికినట్టేనని అతని ధీమా. నిస్సా బిషప్ గ్రెగొరీ అతనికి జవాబు చెబుతూ దేవదూతల జోలికి పోలేదు, చీమను ముందుకు తెచ్చాడు. అది ఊపిరి పీలుస్తుందా, దానికి ఎముకలున్నాయా, ముందు అది తేల్చమన్నాడు. కాలికింది ప్రాణే అంతుచిక్కనివాడికి సృష్టికర్త ఎక్కడ చిక్కుతాడు?

‘మోషే జీవితం’లో గ్రెగొరీ నిర్గమకాండంలోని ఘట్టాలను వరసపెట్టి చూశాడు. మోషేకు దేవుడు మొదట మండే పొదలో వెలుగుగా ఎదురవుతాడు, తర్వాత మేఘంలో, చివరికి సీనాయి కొండమీద గాఢాంధకారంలో. వెలుగు నుంచి చీకటికి సాగే ప్రయాణం ఇది! ఆ చీకటి అజ్ఞానం కాదు, బుద్ధి తన హద్దు దాకా వచ్చిందనడానికి గుర్తు.

దీన్నొక పద్ధతిగా మలిచినాయన ఎవరో ఇప్పటికీ తెలియదు. 500 ప్రాంతంలో, బహుశా సిరియాలో, ‘అపొస్తలుల కార్యములు’లో పౌలు బోధ విని నమ్మిన ఏథెన్సు దియొనూసి పేరుతో రాశాడు. ఆయన ‘మార్మిక దైవశాస్త్రం’లో ఉన్నవి ఐదే చిన్న అధ్యాయాలు. దేవుణ్ణి ‘అవును’ అంటూ వర్ణించేటప్పుడు పైనుంచి కిందికి దిగాలంటాడు: ముందు మంచితనం, జీవం, ఆ తర్వాతే గాలి, రాయి. ‘కాదు’ అనేటప్పుడు కిందినుంచి ఎక్కాలి. దేవుడు రాయి కాదు, మత్తులో తూలేవాడు కాదు, కోపిష్టి కాదు. ఇంతవరకూ పేచీ లేదు. పైమెట్లమీదే కాళ్ళు వణుకుతాయి: జ్ఞానం కాదు, మంచితనమూ కాదు, ఉనికీ కాదు. ఆఖరికి ‘కాదు’ అన్నదాన్నీ వదిలెయ్యాలి, కాదనడమూ ఒక నిర్వచనమే గనక. ఎక్కేకొద్దీ మాటలు తరుగుతాయి.

అన్నిటికంటే నాకు పదునుగా తోచేది ‘స్వర్గీయ శ్రేణి’లోని వాదన. లేఖనాల్లో దేవుణ్ణి పురుగుతో, ఎలుగుబంటితో పోల్చిన చోట్లున్నాయి. దియొనూసి వాటికి మొహమాటపడడు, అందమైన ఉపమానాలకంటే అవే క్షేమమంటాడు. బంగారమనో వెలుగనో అంటే నిజంగానే దేవుడు అలా ఉంటాడని భక్తుడు భ్రమపడవచ్చు. పురుగంటే ఎవరు భ్రమపడతారు?

మనకిక్కడ ఉపనిషత్తుల ‘నేతి నేతి’ గుర్తురావడం సహజం. అయితే ఈయన మెట్లు గ్రీకు తాత్వికుడు ప్రోక్లస్ దగ్గర తెచ్చుకున్నవి. ముసుగు తొలగించిందీ ఆ అప్పే. 485లో చనిపోయిన ప్రోక్లస్ రాతల ఆనవాళ్ళను వీటిలో హ్యూగో కోఖ్, యోసెఫ్ స్టిగ్ల్‌మాయర్ 1895లో విడివిడిగా చూపించారు. మధ్యలో కొందరు అనుమానించినా, శతాబ్దాలపాటు ఇవి పౌలు శిష్యుడి రచనలుగానే చలామణి అయ్యాయి. మధ్యయుగ దైవశాస్త్రవేత్త థామస్ అక్వినాస్ అంతటివాడు వీటిని పదేపదే ఉదహరించాడు. దొంగపేరని వీటిని పక్కనపెట్టడం తొందరపాటు. ఆ మెట్లు సంతకం మీద ఆధారపడి లేవు.

దేవుడు తెలియడు గనక ఆయన ఊసే వద్దనే వైఖరికీ దీనికీ చుట్టరికం లేదు. ‘మార్మిక దైవశాస్త్రం’ మొదలయ్యేదే ప్రార్థనతో. యునోమియస్ పక్షంవాళ్ళకు జవాబుగా 386లో అంతియొకయలో ప్రసంగాలు చేసిన జాన్ క్రిసోస్తమ్ పేరుమీద ఉన్న ఆరాధనక్రమం ఆర్థడాక్స్ చర్చిల్లో నేటికీ నడుస్తోంది. అందులో దేవుడు మాటకు, ఊహకు, కంటికి, గ్రహింపుకు అందడనే నాలుగు ‘కాదు’లు వరసగా వస్తాయి. ఆ నాలుగింటినీ గురువు దేవుడితోనే, ‘నువ్వు’ అని పిలుస్తూ చెబుతాడు.