సీసా సొగసు

దిల్‌సుఖ్‌నగర్‌ నుంచి ఎల్‌.బి.నగర్‌ దాకా ఏ వైన్‌షాపు అర చూసినా కొత్త చొక్కా తొడుక్కున్న పాత సరుకే! చూడ్డానికి డబ్బు పుచ్చుకోరు గదా, నేనూ చూశాను. బంగారు అంచులెక్కువై ఏది విస్కీయో, ఏది అత్తరో పోల్చుకోలేం.

1954లో పుట్టిన ఓల్డ్‌మంక్‌ రమ్ము మాటే వేరు. పొట్టి సీసా, పగుళ్లు బారినట్టుండే గాజు. చీకట్లో తడిమినా తెలుస్తుంది. అలాంటి ముఖాన్ని చెరిపేస్తే అది కళ కాదు, కత్తెర.

మరి మార్చవలసిందేమీ లేదా? ఉంది మహానుభావా! 2019 నుంచి సీసా మీద హెచ్చరిక తప్పనిసరి: తాగితే హాని, తాగి బండి నడపకు అని. నేను చూసినంతలో అది ఇంగ్లీషులో, చీమ తలకాయంత. బొమ్మకు పెట్టిన శ్రద్ధలో పావువంతు దానికి పెట్టి, తెలుగులో పెద్దక్షరాలతో వేయండి. ఎల్‌.బి.నగర్‌ చౌరస్తాలో ఒక్క ఇల్లాలి పసుపుకుంకుమలు నిలబడినా అదే గొప్ప డిజైను.