పారేసిన ఫ్రేములు

వానలు మొదలయ్యాయంటే వాట్సాప్ స్టేటస్‌ల నిండా బ్రహ్మకమలాలే. పసుపూ కుంకుమా పెట్టి హారతిస్తున్న ఫొటోలు, పువ్వు పక్కన నిద్రకళ్లతో నిలబెట్టిన పిల్లలు, ఈమధ్య వీటికి తోడు 15 సెకన్లలో మొగ్గ విచ్చేసుకునే వీడియోలు. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరు. మన డాబాల మీద కుండీల్లో పూసేది మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చిన కాక్టస్ కుటుంబం మొక్క. ఆకు అనుకుని పక్కింటి నుంచి తెచ్చి మట్టిలో గుచ్చుతామే, అది నిజానికి దాని కాండం. మొక్క సంగతి ఎలా ఉన్నా, ఫోన్‌తో టైమ్‌లాప్స్ (గంటల కదలికని సెకన్లలోకి కుదించే వీడియో) నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి గురువు దొరకదు. చీకటి పడ్డాక విడవడం మొదలుపెట్టి, అర్ధరాత్రికల్లా పూర్తిగా విచ్చుకుని, తెల్లారేసరికి వాలిపోతుంది. ఆ పువ్వుకి మళ్లీ ఇంకో రాత్రి లేదు.

మేఘాలూ, ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్కూ ఎవరు తీసినా బాగానే వస్తాయి. అందుకే వాటి మీద నాకు ఆసక్తి పోయింది. గంటల తరబడి ఫోన్‌ని ఒకేచోట కట్టిపడేసి తీయాల్సినవాటిలోనే అసలు పని ఉంది: పువ్వు విచ్చుకోవడం, ఇడ్లీపిండి పొంగడం, వినాయకుడి మట్టి ఆరుతూ రంగు మారడం. వీటన్నిటికీ ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒక్కటే. ఎన్ని సెకన్లకి ఒక ఫ్రేమ్?

లెక్క పెద్ద కష్టం కాదు. వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు కదులుతాయి. 30 సెకన్ల వీడియో కావాలంటే 900 ఫ్రేములు కావాలి. పువ్వుకి 4 గంటలు, అంటే 14,400 సెకన్లు. 900తో భాగిస్తే 16 సెకన్లకో ఫ్రేమ్. పిండికి నిమిషానికొకటి చాలు. రాత్రి 8 గంటల్లో 480 ఫ్రేములు, 16 సెకన్ల వీడియో.

ఫోన్ కంపెనీలు మనకి ఈ లెక్క కూడా లేకుండా చేశాయి. 2014లో ఐఓఎస్ 8తో ఐఫోన్‌లోకి టైమ్‌లాప్స్ వచ్చినప్పుడు అందులో పెట్టిన ఏర్పాటు తెలివైనదే. మొదట సెకనుకి 2 ఫ్రేములు తీస్తుంది. 10 నిమిషాలు దాటగానే అప్పటిదాకా తీసినవాటిలో సగం పారేసి, సెకనుకి ఒకటి చొప్పున కొనసాగిస్తుంది. 20 నిమిషాలు దాటితే మళ్లీ సగం, 40 దాటితే మళ్లీ సగం. అందుకే 15 నిమిషాలు తీసినా, 15 గంటలు తీసినా చేతికొచ్చే వీడియో 20 నుంచి 40 సెకన్లలోపే ఉంటుంది. తమాషా ఏమిటంటే, 4 గంటల దగ్గరికి వచ్చేసరికి ఐఫోన్ కూడా సరిగ్గా 16 సెకన్లకో ఫ్రేమ్ దగ్గరే ఉంటుంది. నా లెక్కా దాని లెక్కా ఒకటే.

మరి దానితోనే తీసుకోవచ్చుగా అంటారా? పువ్వు గడియారం ప్రకారం విచ్చుకోదు. మొదటి అరగంటలో బయటి గులాబిరంగు రేకులు మాత్రం కాస్త వెనక్కి వంగుతాయి. తర్వాత ఒక దశలో తెల్ల రేకులు వణుకుతూ ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొస్తాయి. ఆపైన చాలాసేపు చూడ్డానికి ఏమీ ఉండదు. ఆ వణుకున్నచోట నాకు ఫ్రేములు దండిగా కావాలి, మిగతాచోట్ల అక్కర్లేదు. ఫోన్‌కి ఆ తేడా తెలియదు. అన్నిచోట్లా సమానంగా సగం పారేస్తుంది, పారేశాక మళ్లీ తెచ్చుకోలేం. అందుకని ఓపెన్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లో రిపీట్ పెట్టుకుని, 5 సెకన్లకో ఫొటో చొప్పున విడివిడి ఫొటోలుగా తీయడమే నా పద్ధతి. 4 గంటలకి 2,880 ఫొటోలు. ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే దాదాపు 11.5 జీబీ. గుడ్ మార్నింగ్ బొమ్మలతో నిండిన ఫోన్‌లో అంత చోటు ఉండదనుకోండి, ముందు అవి తుడిచేసుకోవాలి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ నేనే తేల్చుకుంటాను. కథ రాసేవాడు తన కాగితాలు తనే చింపుకోవాలిగానీ, కలం చింపకూడదు కదా.

ఇక డాబా మీద సంగతులు. పువ్వు దాదాపు జానెడు వెడల్పు అవుతుంది కాబట్టి మొగ్గ చుట్టూ బోలెడంత ఖాళీ వదలాలి. గాలికి ఊగకుండా కాండాన్ని ఓ పుల్లకి దారంతో కట్టాలి. ఫోన్ స్టాండ్ కాళ్ల మీద ఇటుకలు పెట్టాలి. మొగ్గ మీద ఫోకస్‌నీ వెలుగునీ లాక్ చేయాలి. లేకపోతే ఫోన్ ప్రతి ఫ్రేమ్‌కీ తన అభిప్రాయం మార్చుకుంటుంది, వీడియో అంతా మిణుకుమిణుకుమంటుంది. చవక ఎల్‌ఈడీ బల్బుతో ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, ఆ బల్బు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. షట్టర్ వేగం మరీ ఎక్కువైతే ఫొటోలో నల్లచారలు పడతాయి. సెకనులో 50వ వంతు దగ్గర పెడితే పోతాయి. రీఛార్జ్ లైటు వద్దు, ఛార్జింగ్ దిగేకొద్దీ పువ్వు మసకబారుతున్నట్టు కనిపిస్తుంది. ఇన్వర్టర్ ఉన్న లైను నుంచి వైరు లాక్కోవడం మేలు. వాన వెలిసిన రాత్రయితే ఉసిళ్లు ఆ వెలుగుకి మూగుతాయి. వాటిని ఆపలేం. వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కో రెక్క తళుక్కుమంటుంది, నాకైతే అది నచ్చుతుంది.

ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. ఆగకపోయినా వైబ్రేషన్‌కి ఫ్రేమ్ కదులుతుంది. మా పక్కింటి పిన్నిగారు పువ్వు చూడ్డానికి వచ్చి, “ఏమ్మా, ఫోన్ ఇక్కడ పడేశావ్, ఎవరైనా చేస్తే ఎలాగ?” అని కంగారుపడ్డారు. “పొద్దున చేస్తార్లెండి పిన్నిగారూ,” అన్నాను. ఆవిడకది నచ్చినట్టు లేదు. డ్రాయర్లో పడున్న పాత ఫోన్ ఉంటే దాన్నే వాడండి, ఇంట్లో ఎవరికీ కంగారుండదు.

వేడి గురించి మాత్రం కాస్త జాగ్రత్త. గంటల తరబడి కెమెరా నడుస్తూ, పక్కనుంచి ఛార్జింగ్ ఎక్కుతుంటే ఫోన్ కాలిపోతుంటుంది. వెనక పౌచ్ తీసేయాలి, ఫాస్ట్ ఛార్జర్ బదులు పాత చిన్న అడాప్టర్ పెట్టాలి. చుట్టూ ఉన్న గాలి 35 డిగ్రీలు దాటని చోటే ఐఫోన్ వాడమని యాపిలే చెబుతుంది. మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఎండలో పెట్టి సాయంత్రం దాకా తీద్దామనుకుంటే హెచ్చరిక చూపించి ఆగిపోతుంది. వేసవిలో ఇంటిలోపల తీసేవి ఎంచుకోండి, పిండి పొంగడానికి వేసవిని మించిన కాలం లేదు.

ఈ పని ఫోన్లతో పుట్టింది కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ ఫెఫర్ అనే వృక్షశాస్త్రవేత్త 1898-1900 ప్రాంతంలోనే మొక్కల కదలికల్ని ఇలా చిత్రీకరించాడు. అందులో మన అత్తిపత్తి కూడా ఉంది. 1910లో ఇంగ్లండ్‌లో పెర్సీ స్మిత్ ‘ది బర్త్ ఆఫ్ ఎ ఫ్లవర్’ తీశాడు. ఆయన వృత్తి విద్యాశాఖలో గుమాస్తాగిరీ. ఆఫీసు అయ్యాక మిగిలిన టైములో మొదలుపెట్టిన సరదా అది. ఎన్ని నిమిషాలకి ఒక ఫ్రేమ్ తీయాలో ఆయనే తేల్చుకోవాల్సి వచ్చింది.

మొన్నామధ్య మా డాబా మీదికి వచ్చిన ఓ పిల్లాడు మొగ్గకేసి అయిదు నిమిషాలు చూసి, “ఆంటీ, ఇది పాడైపోయిందా, విచ్చుకోవట్లేదు?” అన్నాడు. వాడు అంతకుముందు ఫోన్‌లో చూసిన పువ్వులన్నీ 15 సెకన్లలో విచ్చుకున్నవే. తప్పు వాడిది కాదు, వీడియోలు తీసే మాదే. 4 గంటల్ని అరనిమిషం చేసి, ఆ మాట ఎక్కడా చెప్పకుండా పంపించేస్తున్నాం. చూసేవాళ్లకి అది 4 గంటలో 4 రోజులో తెలిసే దారి లేదు. కాబట్టి ఈ సీజన్‌లో మీరు బ్రహ్మకమలం టైమ్‌లాప్స్ స్టేటస్‌లో పెడితే, కింద ఒక్క లైను రాయండి: ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎన్నింటికి ఆపారు, ఎన్ని సెకన్లకో ఫ్రేమ్ తీశారు.