మేలు కీడుల కొలత: జాషువ కావ్యములలో క్రైస్తవదృష్టి

మన సారస్వతమున క్రైస్తవదృష్టితో మేలు కీడులను విచారించిన కావ్యమేదని యడిగినచో, చదువరులు వెంటనే 'క్రీస్తు చరిత్ర'ను చూపుదురు. అది సహజమే. గుఱ్ఱము జాషువ క్రీస్తు జీవితమును పద్యములలో చెప్పిన ఆ కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. కవి క్రైస్తవుడు, నాయకుడు క్రీస్తు, ఇక సందేహమేమి? కాని వస్తువును బట్టి దృష్టిని నిర్ణయించుట విమర్శకు తగిన పని కాదు. రాముని పేరు వచ్చినంతమాత్రమున ప్రతి కావ్యమును ధర్మకావ్యము కానట్లే, క్రీస్తు పేరు వచ్చినంతమాత్రమున ప్రతి తీర్పును క్రైస్తవమైన తీర్పు కానేరదు. అట్టి విచారణ మన భాషలో నిజముగా జరిగినది, క్రీస్తు నాయకుడు కాని 'గబ్బిలము'నందే యని నా యభిప్రాయము. ఆ కావ్యము 1941లో వెలువడినది. ఈ మాట కొందఱకు వింతగా తోపవచ్చును గనుక, దానికి హేతువులు చూపవలసియున్నది.

మొదట కొలత యేదో తెలిసికొనవలయును. మేలు కీడులను గూర్చి సువార్తలు చెప్పినదానిని మూడంశములుగా విడదీయవచ్చును. మొదటిది వరుస. ఒరులకు తీర్పు చెప్పవలదని క్రీస్తు కొండమీది ప్రసంగమున బోధించెను. ఈ యొక్క మాటను పట్టుకొని, కీడును కీడనుటయే పాపమని చెప్పువారు కలరు. ఆ వెంటనే వచ్చు నలుసు దూలముల దృష్టాంతమును వారు మఱచుచున్నారు. తన కంటిలోని దూలమును ముందుగా తీసికొనినవానికి, పొరుగువాని కంటిలోని నలుసును తీయుటకు చూపు కుదురునని దాని భావము. తీర్పు మానుమని కాదు, తననుండి మొదలుపెట్టుమని యర్థము.

రెండవది ఓర్పు. గోధుమపొలమున పగవాడు గురుగులు చల్లిపోగా, పనివారు వానిని పెఱికివేయుదుమనిరి. కోతవఱకు ఆగుడని యజమానుడు వారించెను. కృష్ణాడెల్టా రైతునకు ఈ కథను విప్పిచెప్ప నక్కఱలేదు. వరిచేలో మొలచిన ఊద లేతగా నున్నపుడు, అనుభవము లేని కంటికి అదియు వరియే. వెన్ను తీసిన పిదప బాలుడైనను దానిని గుర్తించును. మన రైతు కలుపు తీయక మానడు, నిజమే. కాని ఆ కథలోని మొక్కలు మనుష్యులు. చెడ్డపనిని చెడ్డదని నేడే చెప్పవచ్చును; చేసిన మనుష్యుని వేరుతో పెఱికివేయు నధికారము మాత్రము మనకు లేదు.

మూడవదియే అసలైన కొలత. కడపటి తీర్పును గూర్చి మత్తయి సువార్తలో చెప్పబడిన కథయందు, రాజు ఎవనిని గాని నీ మతమేది, నీ కులమేది యని యడుగడు. ఆకలిగొన్నవానికి అన్నమిడితివా, దప్పిగొన్నవానికి నీరిచ్చితివా, చెఱలో నున్నవానిని చూడవచ్చితివా యని మాత్రమే విచారించును. అల్పులకు చేసినది తనకు చేసినదే యనును. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. కుడిప్రక్క వారును ఎడమప్రక్క వారును సమానముగా ఆశ్చర్యపడుదురు. తాము మేలు చేసితిమని మంచివా రెఱుగరు. తాము కీడు చేసితిమని చెడ్డవా రెఱుగరు. అనగా మనుష్యుడు తన్ను గూర్చి తాను వ్రాసికొనిన యోగ్యతాపత్రము ఆ న్యాయస్థానమున చెల్లదు.

ఈ కొలతతో చూచినపుడు 'క్రీస్తు చరిత్ర'యందు కవికి గల ఇబ్బంది తెలియును. అది కవితాశక్తికి సంబంధించిన లోపము కాదు. కథకు సంబంధించిన కట్టుబాటు. అచ్చట దోషులు ముందే నిర్ణయింపబడియున్నారు. నమ్మినవానిని పట్టియిచ్చిన యూదా, చేతులు కడుగుకొనిన పిలాతు, సిలువ వేయింపగోరిన యాజకులు, వీరిని ద్వేషించుటకు చదువరి యే కష్టమును పడనక్కఱలేదు. రెండువేల యేండ్ల క్రిందటి పరదేశపు పాపమునకు కన్నీరు విడిచి, తన యింటి వాకిట జరుగు పాపమును చూడకయే గ్రంథమును మూయవచ్చును. క్రీస్తు కోరిన వరుస అచ్చట తలక్రిందగును: నలుసు కనబడును, దూలము మిగిలిపోవును.

'గబ్బిల'మున చదువరికి ఈ తప్పించుకొనుదారి లేదు. కాళిదాసుని మేఘసందేశమును కవి యేల నమూనాగా గైకొనెనో ఆలోచింపుడు. యక్షునకు శిక్ష విధింపబడినది. అతడు తన యధికారమునందు ఏమఱినందున కుబేరుడు శపించెను. శాపమునకు ఒక సంవత్సరము గడువు. అచ్చట దోషమును కలదు, దండించినవాడును కలడు, దండనకు అవధియు కలదు. కాబట్టి అతని దుఃఖము విరహముగానే యుండి శృంగారమునకు తావిచ్చినది. జాషువ నాయకుడు అస్పృశ్యుడుగా పుట్టినవాడు. అతనికిని శిక్ష విధింపబడినది. కాని చేసిన దోషమేదో తెలియదు, దండించినవాడెవడో చెప్పరు, గడువన్నది లేనే లేదు. ఒకే ఛాయలో నిలిచిన యీ రెండు కావ్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినంతనే తీర్పు వెలువడుచున్నది. సంస్కృతకావ్యము చదివినవాడే యీ దెబ్బను పూర్తిగా నెఱుగును. ఇది అనుకరణము కాదు, విచారణ.

అతని సందేశము కాశీ విశ్వేశ్వరునకు. మేఘమునకు బదులు గబ్బిలము దూత. లోకము అశుభమని తరుము ఆ జీవి గుడిలోనికి స్వేచ్ఛగా పోగలదు. దేవుని చెవి దగ్గఱ వ్రేలాడగలదు. మనుష్యుడు గడప దాటరాదు. బొమ్మల పెండ్లిండ్లకు ధనము ధారవోయు దేశమున పేదవాని గిన్నెలో మెతుకు రాలదని అతడు మొఱపెట్టుకొనుచున్నాడు. మత్తయి సువార్తలోని రాజు అడిగిన ప్రశ్నయే యిది. క్రీస్తు పేరు లేకయే క్రీస్తు కొలత అచ్చట నిలిచియున్నది.

ఇతడు కర్మసిద్ధాంతమునుగూడ నిలువదీయుచున్నాడు. యోహాను సువార్తలో పుట్టుగ్రుడ్డిని చూచి, ఇతడు పాపము చేసెనా, ఇతని తలిదండ్రులు చేసిరా యని శిష్యులు క్రీస్తు నడిగిరి. ఇద్దఱును కాదని ఆయన ఆ లెక్కనే త్రోసివైచి, వాని కన్నులు తెఱచెను. పరుని దుఃఖమునకు పూర్వజన్మమున కారణము వెదకుట తీరికగలవాని పని. దుఃఖమును తీర్చుట ధర్మము. సంస్కృతము చదివినవాడనుగా ఒక మాట చెప్పవలయును. కర్మవిచారము తన నడవడిని దిద్దుకొనుటకు పనికివచ్చు అద్దమే గాని, పొరుగువాని నొసట వ్రాయుటకు గంటము కాదు. దానిని గంటముగా వాడినది శాస్త్రము కాదు, స్వార్థము.

ఇచ్చట రెండాక్షేపణలు రావచ్చును. నాయకుడు శివునకు మొఱపెట్టుకొనుచుండగా ఇది క్రైస్తవదృష్టి యెట్లగునని మొదటిది. మార్గమున దెబ్బలుతిని పడియున్నవానికి కట్లు కట్టిన సమరయుడు ఏ మతస్థుడని యూదులు తలచిరో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కథ చెప్పినవాడు అతనినే మాదిరిగా చూపెను. తీర్పు చెప్పవలదనిన మతమున ఇంతటి అభియోగము తగునా యని రెండవది. అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విడువక వేధించి న్యాయము పొందిన విధవరాలి కథ లూకా సువార్తలో కలదు. మొఱ వేఱు, తీర్పు వేఱు. జాషువ నాయకుడు ఎవరి నాశనమును కోరడు. తన వ్యాజ్యమును మాత్రము విడువడు. ఆ నిగ్రహమే యీ కావ్యమునకు బలము. అమంగళమును తొలగించుటయు, ప్రియురాలివలె మెల్లగా బోధించుటయు కావ్యప్రయోజనములలో నివని మమ్మటుడు చెప్పినదానికి తెలుగున ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

ఇక క్రైస్తవ చదువరికి ఒక మాట. 'గబ్బిలము' గుడిమీది అభియోగమని చదివి సంతసించుట సులభము. ఆ గ్రంథమును చర్చివైపు త్రిప్పి చదువుట కష్టము. ఆంధ్రదేశ క్రైస్తవచరిత్రమే దీనికి సాక్ష్యము. రాబర్టు నోబులు 1841లో మచిలీపట్నము చేరి, 1843లో పాఠశాల స్థాపించెను. 1865లో మరణించువఱకు దానికే జీవితమును ధారవోసెను. అట్టి త్యాగశీలి, అగ్రవర్ణముల వారిని ముందుగా ఆకర్షింపవలెనను తలంపుతో, అస్పృశ్యులనబడిన వారి బిడ్డలను తన పాఠశాలలో చేర్చుకొనలేదు. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దొరకును ఇదే ప్రశ్న యెదురైనది. పెద్దకులముల వారు దూరమగుదురని తెలిసియు ఆయన మాదిగలను చేర్చుకొనెను. 1876-78 కఱవులో బకింగుహాము కాలువపనిలో ఒక భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి చూపెను. కూటికొఱకు మతమను నింద రాకుండ, ఆ కాలమంతయు బాప్తిస్మములు ఆపివైచెను. పిదప 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి.

ఇద్దఱును ఒకే గ్రంథమును చదివినవారు, ఇద్దఱును నిష్కపటులు; ఐనను నిర్ణయములు భిన్నములు. గ్రంథము చేత నుండుట చాలదనియు, చదువువాడు ఎవనిప్రక్కన నిలిచి చదువుచున్నాడన్నదే ప్రధానమనియు దీనివలన తేలుచున్నది. నోబులును మనము నిందింపబనిలేదు, కాని ఆయన తలుపు మూసిన పనిని తప్పనక తప్పదు. మనుష్యుని విడిచి పనిని విచారించుట యిదియే. జాషువ జీవితమే మఱియొక సాక్ష్యము. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవిని కులము పేరిట హిందువులు దూరముంచిరి. పురాణవస్తువులపై కవిత్వము చెప్పెనని క్రైస్తవులు కినిసిరి. రెండు గడపల బయట నిలిచినవాడు గనుకనే రెండిండ్ల లోపలి దూలములును అతనికి కనబడినవి.

ఇది గతించిన కథ యనుకొనరాదు. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించినది. అదే సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను దానిలో చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మతము మారినంతనే కులము పోయినదని కాగితము చెప్పుచుండగా, పెండ్లిసంబంధములు మఱియొకటి చెప్పుచున్నవి. 1985లో కారంచేడునందును 1991లో చుండూరునందును దళితులు హత్యచేయబడిరి. కావ్యనాయకుని మొఱ కాశికి చేరినదో లేదో గాని, మన జిల్లాల చెవికి చేరలేదు.

విజయవాడ ఆటోనగరులో పనిచేయువారికి ఈ కొలత క్రొత్తది కాదు. మరమ్మతునకు వచ్చిన ఒక లారీ నొసట కనకదుర్గ, ఇంకొకదానిపై గుణదల మేరీమాత, మఱియొకదానిపై 786. నొసటి బొమ్మను చూచి బండి మంచిదని యే మేస్త్రీయు చెప్పడు. బ్రేకు పట్టునో పట్టదో చూచి చెప్పును. మనుష్యుని విషయమున మాత్రము మనము బొమ్మను చూచి నిర్ణయించుచున్నాము. ఒక షెడ్డు యజమాని ఆదివారము ప్రార్థనకు తప్పక పోవుచు, వెల్డింగు కుఱ్ఱవాని వారపు కూలిని బిగబట్టెననుకొందము. కోతగాండ్రకు ఈయక బిగబట్టిన కూలియే మొఱపెట్టునని యాకోబు తన పత్రికలో వ్రాసెను. అట్టి యజమాని తనకు తాను మంచివాడే. ఎడమప్రక్కన నిలిచి ఆశ్చర్యపడువారిలో అతడొకడు.

మా ఉపాధ్యాయులు పరీక్షలలో 'గబ్బిలము'నుండి ఛందస్సును, అలంకారములను అడుగుచున్నారు. అడుగవలసినదే. దానితోపాటు ఈ కావ్యమున దోషి యెవడని యొక ప్రశ్న వేయవలయును. పేరు వ్రాయుటకు విద్యార్థి తడుముకొనును. ఏలయన కవి ఏ పేరును ఈయలేదు. ఆ ఖాళీ తావున చదువరి తన పేరును, తన వీధి పేరును, తన గుడియో చర్చియో దాని పేరును వ్రాసి చూచుకొనవలెనని కవి దానిని విడిచియుంచెను.