మూడు ఆమ్లజనుల ఫ్లోరైడు: పేరును, పదార్థమును

ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ పరిశోధనాసంస్థనుండి 1959లో కిర్షెన్‌బామ్, గ్రోస్ అను రసాయనవేత్తలు ఒక వ్యాసము ప్రకటించిరి. దాని శీర్షికలోనే ఒక పదార్థమునకు రెండు పేర్లు గలవు. ఓజోను ఫ్లోరైడు అని యొకటి, మూడు ఆమ్లజనుల ద్విఫ్లోరైడు అని మఱియొకటి. ఈ పేర్లు విన్నవారికి మూడు ఆమ్లజని పరమాణువులు గొలుసుగా నిలిచి, ఇరుకొనలయందు ఫ్లోరిన్ పరమాణువులు తగిలియున్న అణువు మనస్సున మెదలును. అట్టి అణువు నిజముగా నున్నదా యనునదే యిచ్చట విచార్యము.

రెండు ఆమ్లజనుల సమ్మేళనము విషయమున సందేహము లేదు. దానిని 1933లో జర్మనీయందు రఫ్, మెన్జెల్ అనువారు తయారుచేసిరి. అల్పపీడనమున నున్న ఆమ్లజని, ఫ్లోరిన్ వాయువులలో మిక్కిలి చలియందు విద్యుదుత్సర్గము జరుపుటయే పద్ధతి. సున్నకు 154 డిగ్రీలు దిగువను కరగు ఈ పదార్థము, 160 డిగ్రీలు దిగువను ఉంచినను దినమునకు నూటికి నాలుగు వంతులు విచ్ఛిన్నమగును. ఇంత అస్థిరమైనదానికిని 1962లో సూక్ష్మతరంగ వర్ణపటమువలన కొలతలు దొరికినవి: ఆమ్లజనుల నడుమ 1.22 ఆంగ్‌స్ట్రాములు, ఆమ్లజని ఫ్లోరిన్‌ల నడుమ 1.58. మొదటిది దాదాపు ఆమ్లజని వాయువులోని దూరమే. రెండవది మిక్కిలి సాగిన, బలహీనమైన బంధము. ఫ్లోరిన్ అంత సులభముగా ఎందులకు విడివడునో దీనివలన బోధపడును. అదే సంస్థకు చెందిన స్ట్రెంగ్ 1963లో ఈ పదార్థమును సారాయి, అమ్మోనియా, మీథేను మున్నగువానితో కలిపి చూచి, గడ్డకట్టు చలిలోను మంటలు, ప్రేలుడులు కలుగుట నమోదు చేసెను. ఆ వ్యాసము చదువ భయము పుట్టించును, కాని అందు చెప్పినదంతయు చూచినదే.

మూటి సమ్మేళనమునకు చూపిన సాక్ష్యమో, వేఱు జాతిది. మూడు పాళ్ల ఆమ్లజనిని రెండు పాళ్ల ఫ్లోరిన్‌తో కలిపి విద్యుదుత్సర్గము జరుపగా అంతయు ఎఱ్ఱని ద్రవముగా మాఱినది. ఆ ద్రవము కొంచెము వెచ్చబడగా రెంటి సమ్మేళనమును, ఆమ్లజనియు మిగిలినవి. లెక్క సరిపోయినది. కాని 1961లో ఆ సంస్థవారే నాలుగు ఆమ్లజనుల సమ్మేళనమును ప్రకటించిరి. అది విచ్ఛిన్నమైనను రెంటి సమ్మేళనమును, ఆమ్లజనియునే మిగులును. రెంటిదానిని, నాల్గింటిదానిని సమానముగా కలిపినచో ఆమ్లజనులు ఆరు, ఫ్లోరిన్‌లు నాలుగు. సగము చేసిన మూడు, రెండు. అనగా మిశ్రమమైనను, ఏకపదార్థమైనను తూకము ఒకటే, విచ్ఛేదఫలము ఒకటే. ఆ పరీక్షలు ఎంత నిశితముగా చేసినను ఈ రెంటిని వేఱుచేయజాలవు.

వేఱుచేయగల సాధనము కేంద్రక అయస్కాంత అనునాదము. ఫ్లోరిన్ కేంద్రకము తన పరిసరములనుబట్టి వేర్వేరు సంకేతము లిచ్చును. సాలమన్, అతని సహచరులు 1968లో ఈ పద్ధతిని పరీక్షించి, ఎఱ్ఱని ద్రవమున రెంటి సమ్మేళనమును, నాల్గింటి జాతియు కలిసియున్నవని చూపిరి. మూటి అణువు కానరాలేదు.

1959 నాటి కొలతలు దీనివలన అసత్యములు కాలేదు, తొందరపడినది పేరే. పేర్లకు ఆయువు మెండు. తెలుగువారి 'ఆమ్లజని' శబ్దమే చూడుడు: ఆమ్లములన్నిటికిని ఈ మూలకమే కారణమని లావోయిజియే తలచి పెట్టిన పేరునకు అనువాదమది. హైడ్రోక్లోరికామ్లములో ఆమ్లజని లేదని తెలిసి రెండు శతాబ్దములు గడచినను పేరు మాఱలేదు. అయినను ఆమ్లజని యున్నది కావున ఆ పేరువలన హాని లేదు. పదార్థమే లేనిచోట పేరు నిలిచిన, విద్యార్థి లేనిదానిని కంఠస్థము చేయును.

1966లో స్ట్రెంగ్, గ్రోస్ అయిదు, ఆరు ఆమ్లజనుల సమ్మేళనములను గూడ ప్రకటించిరి. ఒకటి మొదలు ఆరు వఱకు మెట్లవలె అమర్చిన పట్టికలు చూచుట కింపుగానుండును. వానిలో మూడవ మెట్టు కూలినది. అయిదవ, ఆఱవ మెట్లకు వాయువుల నిష్పత్తికి మించిన సాక్ష్య మేమున్నదో విచారింపక వానిని పాఠ్యపుస్తకమున కెక్కింపరాదు.