వంటింటి తర్కం

ఎమ్.ఏ. ఫిలాసఫీకి కట్టానంటే "ఇప్పట్నించే వేదాంతమా?" అన్నారు మా అత్తగారు. వేదాంతం తర్వాత సంగతి. ముందు తర్కం దగ్గరే తల తిరిగింది.

పాఠ్యగ్రంథం తర్కసంగ్రహం. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు పిల్లలకు సులువుగా ఉండాలని రాశాడు. పిల్లలకట! ఎంత క్లుప్తమంటే, ‘దీపిక’ అని దానికి వ్యాఖ్యానం కూడా ఆయనే రాయాల్సొచ్చింది. అది లోపమే అంటాను.

కానీ కొండమీద పొగ చూసి నిప్పుందని తేల్చడానికి ఆయన చూపించే దృష్టాంతం ఏమిటో తెలుసా? మన వంటిల్లు! పొగ ఉంటే నిప్పున్నట్టే. నిప్పున్నంత మాత్రాన పొగ రాదు, పచ్చికట్టెలు తగలాలంటాడు. గొట్టంతో పొయ్యి ఊది కళ్ళు మండించుకున్నవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? ఆ ఊదే మనిషి ఊసు మాత్రం ఆ దృష్టాంతంలో లేదు.

పరీక్షకి కట్టేవాళ్ళు దీపిక పక్కన పెట్టుకునే చదవండి.